పిడికెడు బియ్యం మీద మూడు ఆదివారాలు

భిలాయి ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్పులో మా సెక్టారు తెలుగువాళ్ళ ఇళ్ళన్నిటిలో వంటగది గట్టు మీద ఒక ఖాళీ నూనె డబ్బా ఉండేది. పూటపూటా అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఆడవాళ్ళు అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేవారు. శనివారం మా అమ్మ ఇల్లిల్లూ తిరిగి ఆ డబ్బాలన్నీ గోనెసంచిలోకి వంచుకొచ్చేది. ఆదివారం పొద్దున్న మా తెలుగు సంఘం హాలు అరుగు మీద కూర్చుని, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి కాంట్రాక్టు కూలి చేసుకునే కుటుంబాలకు పంచేది. అన్ని ఇళ్ళవీ కలిసేసరికి అందులో సన్నవీ, లావువీ, పాతవీ, కొత్తవీ అన్నీ ఉండేవి. వండితే సగం మెత్తబడేది, సగం పలుకు మిగిలేది. అయినా ఎవరూ వంకపెట్టిన గుర్తు లేదు.

ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. మగవాళ్ళు మాత్రం కాదు. ఎందుకంటే ఏళ్ళ తరబడి అది నడిచినా దాని మీద ఒక్క మీటింగూ జరగలేదు.

డెబ్భైల చివర్లో, నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది, మగవాళ్ళకు ఆ లోటు కనిపించింది. పని లేనివాడికి పెట్టడం ధర్మమే, కాని పని చేసుకుంటూ కూలి తెచ్చుకునేవాళ్ళకి కూడా పైన బియ్యం ఎందుకు పొయ్యాలి అన్న ప్రశ్న పుట్టింది. పుట్టించినవాడు మా నాన్న. రోలింగు మిల్లులో ఫోర్‌మన్. చెడ్డవాడు కాదు, కాకపోతే చేతికి కాగితం దొరికితే ఉపన్యాసం రాయకుండా ఉండలేడు. ఆయన ఉండే క్వార్టరుకి అద్దె పేరుకి మాత్రమే. ఆస్పత్రి ఊరికే, కరెంటు దాదాపు ఊరికే, ఊరెళ్ళి రావడానికి రైలు ఖర్చులు ప్లాంటువి. క్యాంటీన్లో టీ గ్లాసు సైజు తగ్గించారని అంతకు నెల ముందే గేటు దగ్గర హిందీలో గొంతు పోయేలా అరిచి వచ్చాడు. ఆ గొంతు బాగుపడగానే కూలీల స్వావలంబన గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఆ కూలీల్లో ఒకావిడ కూతురు నా క్లాసులో, నా పక్కనే కూర్చునేది. తల్లి కొత్త కాలనీ కట్టుబడిలో ఇటుకలూ సిమెంటూ మోసే రేజా. అక్కడ ఆడకూలీని అలాగే పిలుస్తారు. తండ్రి అదే కాంట్రాక్టరు దగ్గర సిమెంటు కలిపేవాడు. ఇద్దరూ పనికెళ్ళినా నెలలో చివరి వారం ఇంట్లో గింజ ఉండేది కాదు. ఆ వారం మా డబ్బాల బియ్యంతో గడిచేది. ఆ బియ్యం వస్తున్నన్నాళ్ళే తనకు చదువని, ఆగిపోతే అమ్మతో పాటు ఇటుకల పనికి వెళ్ళాలని ఆ పిల్ల నాతో మామూలుగా చెప్పేది, ఇవాళ వర్షం వచ్చేలా ఉందని చెప్పినట్టు. లెక్కల్లో నాకంటే తనకే ఎక్కువ మార్కులు. అది నాకు నచ్చేది కాదు.

దీని మీద సభ పెట్టిన మొదటి ఆదివారం చర్చకి పేరు పెట్టడంతోనే సరిపోయింది. ఉచిత బియ్యం అనాలా, సహాయ బియ్యం అనాలా అని మధ్యాహ్నం దాకా వాదించుకున్నారు. క్యాంటీన్ నుంచి చవగ్గా తెచ్చిన సమోసాలు అయిపోవడంతో సభ ముగిసింది. రెండో ఆదివారం సాక్ష్యాలు వచ్చాయి. ఒకాయన ఒక కూలీ చేతికి వాచీ చూశాడట. ఇంకొకాయన పక్కూరు దుర్గ్‌లో సినిమా హాలు ముందు ఒక కూలీ కుటుంబం నిలబడి ఉండగా చూశాడట. లోపలికి వెళ్ళారా, పోస్టరు చూసి వచ్చేశారా అని ఎవరూ అడగలేదు. ఆ కూలీలకి పనిచ్చే కాంట్రాక్టరుగారే మా సంఘానికి అధ్యక్షుడు. ఊరికే వచ్చే బియ్యం పనివాడి వెన్నెముకని మెత్తబరుస్తుందని ఆయన ఎంతో బాధపడుతూ చెప్పాడు.

ఆ రోజు అన్నం వడ్డిస్తూ అమ్మ నాన్నని ఒకే మాట అడిగింది. "ఆ కాంట్రాక్టరుగారు కూలి సరిగ్గా ఇస్తే నా డబ్బాలెందుకు? ఆ మాట మీలో ఒక్కరూ అడగరేటి?"

హాల్లో ఫ్యాన్లన్నీ ఆయన ఇచ్చినవేనని నాన్న గుర్తుచేశాడు. నేను అక్కడ ఊరుకుంటే బాగుండేది. నా కంచంలో ఆ వారమంతా బెండకాయ కూరే. ఆ కడుపుమంటతో, మా క్లాసులో ఆ కూలీ పిల్ల మధ్యాహ్నం డబ్బాలో ఉడికించిన గుడ్డు తెచ్చుకుంటోందని నాన్నకి చెప్పాను. ఆయన ముద్ద కలపడం ఆపి, రోజూ తెస్తోందా అని అడిగాడు. రోజూ అన్నాను. నిజానికి నేను చూసింది మూడుసార్లు. అమ్మ చారు గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మూడో ఆదివారం హాలు నిండిపోయింది. సభ్యులైన ఇంటి యజమానులు ఫ్యాన్ల కింద కుర్చీల్లో, ఇంట్లో బియ్యం తీసే ఆడవాళ్ళు వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. కూలీల తరఫున మాట్లాడమని ఆ రేజాని పిలిపించారు. ఎవరికీ అన్యాయం జరక్కూడదు కదా. నాన్న కాగితం తీసి స్వావలంబన గురించి రెండు పేజీలు చదివాడు. తరవాత కాగితం మడిచి, మన పిల్లలు బెండకాయ తింటుంటే వీళ్ళ పిల్లలు రోజూ గుడ్డు తింటున్నారని, ఇది తన కూతురు కళ్ళారా చూసిందని చెప్పాడు. హాలంతా తిరిగి నన్ను చూసింది. ముందు గర్వంగా అనిపించింది. ఎందుకు దాచాలి, అలాగే అనిపించింది.

ఆవిడ లేచింది. వచ్చేముందు సిమెంటు చేతులు కడుక్కున్నట్టుంది, మోచేతుల దాకా తెల్లటి చారలు మిగిలాయి. పిల్ల బడిలో ప్రార్థనప్పుడు కళ్ళు తిరిగి పడిపోయిందని, అది విని ఒక తల్లి వారానికి రెండు గుడ్లు పంపిస్తోందని చెప్పింది. ఏ తల్లి అని కాంట్రాక్టరుగారు అడిగాడు. ఆవిడ చెప్పలేదు. మా పెరట్లో నాలుగు కోళ్ళుండేవి. కొన్నాళ్ళుగా అవి సరిగ్గా పెట్టడం లేదని అమ్మ చెబుతుండేది. నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ నేల వైపు చూస్తోంది. ఆ గుడ్లు నేనే పంపానని ఒక్కమాట అంటే నాన్న ఉపన్యాసం అక్కడే కుప్పకూలేది. నలుగురిలో మొగుడి పరువు తియ్యడం అమ్మకి చేతకాలేదు. ఆ మౌనానికి నాకు అమ్మ మీద ఇప్పటికీ కోపమే. నా నోటికొచ్చిన అబద్ధం మీద అంతకంటే ఎక్కువ.

ఆవిడ కూర్చోబోతూ ఆగింది. "పని లేనోలికి బియ్యం ఇస్తారట. నానూ నా మొగుడూ పనికెల్తన్నాం కాబట్టి మాకు లేవట. అయితే ఒకరం పని మానీమంటారేటి బాబూ?"

మూడు ఆదివారాల్లో అంత సూటిగా మాట్లాడినవాళ్ళు లేరు. అందుకే అధ్యక్షుడు వెంటనే చేతులెత్తమన్నాడు. కుర్చీల్లో చేతులు లేచాయి. గోడ దగ్గర ఎవరూ ఎత్తలేదు, ఎత్తినా లెక్కలోకి రాదు, వాళ్ళు సభ్యులు కారు. కూలి వచ్చే కుటుంబాలకు బియ్యం ఆగిపోయాయి. కాంట్రాక్టరుగారు అంతటితో ఊరుకోలేదు. ఆ కుటుంబం ఇబ్బంది పడకూడదని, కావాలంటే పిల్లకి కూడా పని ఇస్తానని సభలోనే మాట ఇచ్చాడు. చప్పట్లు కొట్టారు.

మర్నాడు అమ్మ ఒక సంచిలో బియ్యం కట్టి నాతో వాళ్ళ గుడిసెకి పంపింది. ఆవిడ సంచి ముట్టుకోలేదు. సభ వద్దన్నాక తీసుకుంటే మీ అమ్మగారికి మాటొస్తుంది అని చెప్పి నన్ను తిప్పి పంపేసింది. పిల్ల లోపలే ఉంది, బయటికి రాలేదు. ఆ వారం నుంచి బడికీ రాలేదు. లెక్కల్లో నేను ఫస్టు వచ్చాను.

డబ్బాలు మాత్రం ఆగలేదు. పిడికెడు తియ్యడం ఆడవాళ్ళ చేతికి అలవాటైపోయింది, మానమని తీర్మానంలో ఎవరూ రాయలేదు. వచ్చిన బియ్యం సంఘం గదిలో పేరుకుపోయాయి. వినాయక చవితికి వాటితో సభ్యులందరికీ పులిహోర పెట్టాలని తీర్మానించారు. రకరకాల బియ్యం కలిసి ఉంటే పులిహోర ముద్దవుతుందని మగవాళ్ళు బెంగపెట్టుకుని, సంచులన్నీ షాపులో ఇచ్చి ఒకటే రకం సన్నబియ్యం మార్పించుకొచ్చారు. ఇన్నాళ్ళూ ఆ కలగాపులగం తిన్నవాళ్ళ గురించి అంత శ్రద్ధ నేను ఎప్పుడూ చూడలేదు.

పందిట్లో వడ్డనకి కాంట్రాక్టరుగారు తన మనుషుల్ని పంపాడు. మా వరసకి బేసిన్ పట్టుకుని వచ్చింది ఆ పిల్లే. జడలు పైకి మడిచి కట్టుకుంది. వేళ్ళ చివర్లు ఇటుకలకి అరిగి పగిలి ఉన్నాయి. నాన్న నా పక్కనే కూర్చుని, చూశావా, సొంత కాళ్ళ మీద నిలబడింది అని పక్కాయనకి మెచ్చుకోలుగా చెప్పాడు. తను వంగి నా విస్తట్లో పులిహోర పెట్టి, మెల్లగా అడిగింది.

"లెక్కల్లో ఇప్పుడు ఏటి సెప్తన్నారు?"

బీజగణితం అయిపోయి రేఖాగణితం మొదలైంది. ఏమీ లేదు అన్నాను. తను సరేనని పక్క విస్తరికి వెళ్ళింది. ఆ పులిహోర చాలా బాగుంది. తను మళ్ళీ మా వరసకి వచ్చినప్పుడు ఇంకాస్త వేయించుకున్నాను.