ఎండకు ఆరిన పడవ

పడవల అడుగు గీకడంలో అతనంత చెయ్యి తిరిగినవాడు ఆ రేవులో లేడు. అతనంత కాలు నిలవనివాడూ లేడు. కాలుగాలిన పిల్లి అనేవారు అందరూ. పన్నెండేళ్ల కాపురంలో ఏడు ఊళ్లు మార్చాడు. ప్రతిసారీ నోరెత్తకుండా సామాను కట్టిన భార్య ఈసారి మూటతాళ్లు ముట్టుకోలేదు. పిల్ల చదువు మధ్యలో ఉంది, తనకు రంగుల షెడ్డులో పని కుదిరింది. మధ్యాహ్నం వేరే రేవు మేస్త్రీ లారీ పంపుతున్నాడని అతను చెబితే, టీ వడగడుతూనే, వెళ్లదలిస్తే ఒక్కడివే వెళ్లమంది.

పొద్దున ఒడ్డుకు లాగిన పడవ అడుగంతా బార్నకిల్స్ అనే గుల్లపురుగులే. ఆ పురుగు పుట్టిన కొత్తలో కుదురుగా ఉండదు. నీళ్లలో ఈదుతుంది, చెక్క మీద నడిచి తడిమి చూస్తుంది, నచ్చకపోతే తన దారిన పోతుంది. నచ్చిందా, తలను జిగురుతో అంటించుకుని, చుట్టూ సున్నపు గూడు కట్టుకుని, కాళ్లతో తిండి లాక్కుంటూ చచ్చేదాకా అక్కడే. తడి ఆరకముందే గీకితే పెచ్చులుగా ఊడతాయి. ఎండాయా, రాయే. అందుకే తడిగోనెలు కప్పి పని చేస్తారు.

ఆ రోజు అతను గోనెలు మరిచాడు. కాసేపు గీకడం, లారీ వచ్చిందేమోనని రోడ్డు దాకా వెళ్లి రావడం, ఇదే వరస. ఎండ నడినెత్తికెక్కేసరికి ఉలి జారిపోతోంది. పక్క పడవకు రంగు పూస్తున్న బావమరిది చూసి చూసి, “బావా, ఆ రోడ్డే అరిగిపోయింది, పడవ అలాగే ఉంది,” అన్నాడు.

సాయంత్రానికి ఆ పడవకు రంగు పడాలి. సంగతి తెలిసి భార్య షెడ్డులోంచి బకెట్లు మోసుకొచ్చి అడుగు మీద నీళ్లు కుమ్మరించింది. పెంకులు కోసి అతని వేళ్లు నెత్తురోడుతున్నాయి. అప్పుడే లారీ వచ్చి హారన్ కొట్టింది.

“ఉలి ఇటివ్వు,” అందామె. “నువ్వెళ్లు. మిగిలింది నేను గీకుతాలే.”

ఉలి ఇవ్వలేదు. ఈ పడవ అయ్యాక వస్తానని బావమరిదితో లారీవాడికి కబురు పంపాడు. లారీ అంతసేపు ఆగదని ముగ్గురికీ తెలుసు. అది మలుపు తిరిగేదాకా చూశాడు, తిరిగాక కూడా చూశాడు.

“వెనకగది కిటికీకి రెక్క లేదన్నావు కదా,” అన్నాడు.

“ఎనిమిది నెలలుగా అంటున్నాను.”

“ఆదివారం బిగిస్తా.”

“ఆదివారం దాకా ఉంటావా?” ఆ గొంతులో వెటకారం లేదు.

“లేకపోతే ఎవరు బిగిస్తారు?” అన్నాడు, చూపు రోడ్డు మీదే ఉంచి.

ఆమె ఖాళీ బకెట్ తీసుకుని నీళ్లకు వెళ్లింది.