చీము లేని పుండు

ఆ ఏడాది మేము మాదాపూర్‌లో ఒక పాత ఇంట్లో ముందు రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. కొత్తగా లేస్తున్న ఆఫీసు భవనాల్లో మా ఆయనకు ఉద్యోగం. నేను దగ్గర్లోని ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేదాన్ని. పగలంతా ఎక్కడో ఒకచోట బండలు పేల్చేవారు. సాయంత్రానికి బోర్లించిన కంచాల మీద కూడా తెల్లటి దుమ్ము పేరుకునేది.

వెనక భాగంలో ఇంటివాళ్ళు ఉండేవారు. వాళ్ళ కోడలికి ఇరవై ఏళ్ళుంటాయేమో. సొంత మేనమామనే పెళ్ళి చేసుకుంది. అతను రాళ్ళ లారీ నడిపేవాడు. ఆమె తెల్లవారకముందే లేచి రెండు బర్రెల పాలు పిండి, పేడ ఎత్తి, వాకిలి ఊడ్చేది. నేను స్కూలుకి బయలుదేరేసరికి ఆమె పని సగం అయిపోయేది. నన్ను ‘టీచరమ్మా’ అని పిలిచేది.

ఆ చలికాలంలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నెల దాటినా పిల్లకు బొడ్డు ఊడలేదు. నల్లగా ఎండిపోయి అలాగే వేలాడుతోంది, దాని చుట్టూ చర్మం ఎర్రగా కందింది. ఒకరోజు కుళాయి దగ్గర నన్ను ఆపి చూపించింది.

“గిట్ల ఎందుకయితుంది టీచరమ్మా? మా అత్త పది దినాలల్ల ఊడుతదన్నది.”

నేను చుట్టూ ఎవరున్నారో చూసుకోలేదు. “పేడ చేతులతో ముట్టుకుంటే ఇలాగే అవుతుంది. సబ్బుతో కడుక్కోవాలని తెలీదా?” అన్నాను. అక్కడ ఆమె అత్త ఉంది, నీళ్ళకొచ్చిన మరో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. ఆమె చేతులు కొంగులో దాచుకుంది. ఆరోజు నుంచి మా పాపను వాళ్ళ వైపు వెళ్ళనివ్వలేదు. “అక్కడంతా మురికి” అని మా పాపకు చెప్పిన మాట గోడ అవతలికి వినబడిందని నాకు తెలుసు.

కొన్నాళ్ళకు పిల్ల తొడ మీద చిన్న పుండు లేచింది. ఆమె మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. ఈసారి గడప దాటి లోపలికి రాలేదు.

“దవాఖానకు తోల్కపోవాల్నా? నేను చెప్తే ఆయన లారీ ఇడిచిపెట్టి రాడు. నువ్వు చెప్తే వస్తడు.”

వంగి చూశాను. పుండు అంచులు నల్లబడ్డాయి, లోపల పొడిగా ఉంది. “చీము లేదుగా, ఫర్వాలేదు. పౌడరు అద్ది గాలి తగలనివ్వు, అదే మానుతుంది” అన్నాను. చీమంటే క్రిములతో పోరాడి చచ్చిన తెల్లకణాలని, అది పడితేనే శరీరం పోరాడుతున్నట్టని ఆ వారమే తొమ్మిదో తరగతికి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. నా పాఠం నాకే ఎక్కలేదు.

పన్నెండు రోజులు గడిచాయి. పుండు రూపాయి బిళ్ళంత అయింది, పిల్ల పాలు తాగడం మానేసింది. అప్పుడు నేనే ఆటో పిలిచి, తల్లీబిడ్డలను ఊళ్ళోని పిల్లల పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరు పిల్లను చూసి, రక్తపరీక్ష కాగితం చూసి, పుండు అంచులు మళ్ళీ ఒకసారి నొక్కి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. “తెల్లకణాలు తక్కువ లేవమ్మా, చాలా ఎక్కువున్నాయి. కానీ అవి రక్తంలోనే తిరుగుతున్నాయి, పుండు దగ్గరికి రాలేకపోతున్నాయి. రావాలంటే ముందు రక్తనాళం గోడను పట్టుకోవాలి. ఆ పట్టు కోసం కణం పైన ఒక అణువుంటుంది, సీడీ18 అంటారు. ఈ పాపకు అదే లేదనుకుంటున్నాను. బొడ్డు ఊడకపోవడం, చీము పట్టకపోవడం, రెండూ దాని గుర్తులే. రక్తం బొంబాయికి పంపి చూద్దాం.”

నేను దాన్ని తెలుగులో చెబుతుంటే ఆమె మధ్యలో అడిగింది. “అయితే నా చేతులతోని కాలే గద సారు?”

“నీ చేతులకేం సంబంధం? పుట్టుకతో వచ్చిన లోపం ఇది. మీ ఆలుమగలిద్దరిలో దాగి ఉండి పిల్లకొచ్చింది” అన్నాడాయన. వెంటనే, “ఇన్ని రోజులు ఎందుకు ఆగారు? పుండు వచ్చిన రోజే తీసుకురావాల్సింది కదా!” అని గట్టిగా కోప్పడ్డాడు.

నేను పక్కనే నిలబడ్డాను. నోరు తెరిచి ఒక్క మాట చెప్పాలి. ఆమె నా వైపు చూడనైనా చూడలేదు. “తెల్వక ఆగినం సారు” అంది. ఆయన ఆమెను ఇంకో రెండు మాటలన్నాడు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నేల చూశాను.

మందులతో పిల్ల కొన్నాళ్ళు తేరుకుంది. బొంబాయి నుంచి వచ్చిన కాగితం డాక్టరు అనుమానాన్నే ఖాయం చేసింది. ఎముక మూలుగ మార్పిడి తప్ప మార్గం లేదని, అది మనకు అందేది కాదని చెప్పారు. ఎండాకాలం మొదట్లో ఊపిరితిత్తులకు జబ్బు చేసి పిల్ల పోయింది. మొదటే తీసుకెళ్ళి ఉంటే బతికేదా అని తర్వాత డాక్టరును అడిగాను. “చెప్పలేం, కానీ అంత బాధ పడేది కాదు” అన్నాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం వెనక్కి వెళ్ళాను. ఆమె గోడకు పిడకలు కొడుతోంది.

“ఆరోజు డాక్టరు దగ్గర నిజం చెప్పాల్సింది నేను. నిన్ను ఆపింది నేనే” అన్నాను.

“నాకెర్కనే” అంది, పని ఆపకుండా. “నిన్ను గూడ తిడితే నువ్వు అలిగి ఎల్లిపోదువు. గా సారు ఇంగ్లీషుల ఏమన్నడో నాకెవలు చెప్తుండె?”

ఏడ్చినా, తిట్టినా నాకు సులువుగా ఉండేది. ఆమె ఇంకో పిడక కొట్టింది. నేను వచ్చేశాను.

ఆ ఏడాదే ఇంటిస్థలం అమ్మేసి వాళ్ళు బర్రెలతో సహా తెల్లాపూర్ వైపు వెళ్ళిపోయారు. రెండేళ్ళ తర్వాత ఆమెకు కొడుకు పుట్టాడని, బాగున్నాడని పాలు పోసే అతను చెప్పాడు. వెళ్ళి చూసి రావాలనుకున్నాను. స్కూలుంది, పరీక్షలున్నాయి అని వాయిదాలు వేశాను. వెళ్ళలేదు.