వాన కోసం నాకిన పాయసం

ఆ రోజుల్లో వాన నేను చెప్పినట్టు వింటుందని నా నమ్మకం. గుంటూరులో ఒక ప్రైవేటు బళ్లో సోషల్ టీచరుగా కొత్తగా చేరాను. జూన్‌లో నైరుతి రుతుపవనాలు వస్తాయని, అక్టోబరులో ఈశాన్యం అందుకుంటుందని బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పేదాన్ని. బాణాలు గీసినంత తేలిగ్గా మబ్బులు రావు కదా! జూలై దాటుతున్నా రోహిణి కార్తె ఎండే కాసేది. తీరా వాన వచ్చినా దానికి వీధుల పట్టింపు ఒకటి. (బ్రాడీపేటలో తడిసి, అరండల్‌పేట దాటేసరికి ఆరిపోయి ఇంటికి చేరిన రోజులున్నాయి.) అయినా చేతిలో ఫోను, ఫోనులో వాతావరణం చెప్పే యాప్ ఉన్నాక నాకేం తక్కువ? రేపు సాయంత్రం వాన తప్పదని స్టాఫ్ రూములో జోస్యం చెప్పి, మర్నాడు మోసుకెళ్లిన గొడుగును ఎండకే వేసుకుని తిరిగొచ్చేదాన్ని.

నేను అద్దెకున్నది డాబా మీది ఒంటిగదిలో. కింద ఉండే ఇంటావిడను పిన్నీ అని పిలిచేదాన్ని. జాకెట్లు కుట్టేది, ఆవిడ మిషను చప్పుడుతోనే నాకు తెల్లవారేది. బాబాయి మాత్రం దర్శి దగ్గర కౌలుకు తీసుకున్న చేలో ఉంటూ మిరప వేసేవాడు. ఆ ఏడు ఆగస్టు సగం గడిచినా అక్కడ చినుకు లేదు. మడిలో మిరప నారు ముదిరిపోతోంది, చేలో నాటుదామంటే నేలలో తడి పదును లేదు, బోరు ఎప్పుడో చేతులెత్తేసింది. అంతకుముందు ఏడు కూడా పంట చేతికి రాలేదు. ఈసారి నాటలేకపోతే సేద్యం మానేసి పేటలో పత్తి జిన్నింగు మిల్లుకు కాపలాకు పోతానన్నాడట. (చిలకలూరిపేటను మేమంతా పేట అనే అంటాం.) "మట్టిలో తప్ప ఆయనకు నిద్ర పట్టదమ్మాయ్, గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఎట్టా బతుకుతాడు?" అంటూ పిన్ని మిషను ఆపేసింది. ఆ నిశ్శబ్దం నాకు అస్సలు నచ్చలేదు.

ఆదివారం ఉదయం గది బయట గిన్నె చప్పుడు వినపడి తలుపు తీశాను. పిన్ని డాబా ఒక మూల శుభ్రంగా కడిగి, పసుపు రాసి, దాని మీద బెల్లం పాయసం పోస్తోంది.

"ఇదేంటి పిన్నీ?"

"వరదపాశం. వాన పడకపోతే మా ఊళ్లో బండ మీద పాయసం పోసి, చేతులు వెనక్కి పెట్టుకుని నాకుతారు. ఇక్కడ బండెక్కడ దొరుకుతుంది? డాబానే బండ అనుకుందాం. రా, వంగు."

"నేనా? నేను టీచర్ని పిన్నీ!"

"వానకు టీచరని తెలీదులే. చున్నీ వెనక్కి వేసుకో."

వంగాను. పాయసంలో ఏలకులు బాగానే పడ్డాయి, సిమెంటు కూడా తగలకపోలేదు. పక్క డాబా మీద వడియాలు పెడుతున్న మామ్మగారు మమ్మల్ని చూసి, "మీ ఇంట్లో గిన్నెల్లేవా? నన్నడిగితే ఇచ్చేదాన్నిగా!" అని కేకేసింది. ఆ రోజు వాన సూచనే లేదని నా ఫోను తేల్చి చెప్పింది. సాయంత్రమయ్యేసరికి వాన కుండపోతగా దంచింది. వీధి కాలవ పొంగి పిన్ని వంటింట్లోకి వచ్చింది. ఇద్దరం మిషనును మంచం మీదికి ఎక్కించాం. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, మొహం చాటంత చేసుకుని ఆవిడ బాబాయికి ఫోను చేసింది. స్పీకరు పెట్టింది కూడా.

"కురుస్తోందా?"

"ఏం కురవడం? ఇక్కడ ఎండ కాస్తోందే."

పిన్ని ఫోను పెట్టేసి నీళ్లవంక చూసింది. "బుద్ధి తక్కువ పని చేశానమ్మాయ్. మన డాబా మీద నాకాం, మన డాబా మీదే కురిసింది. చేలో నాకాల్సింది." మబ్బులకు అలాంటి లెక్కలుండవని పాఠం మొదలెట్టబోయి, ఆవిడ మొహం చూసి నీళ్లు తోడెయ్యడానికి చెంబు అందుకున్నాను.

మర్నాడు బళ్లోకి నీళ్లు వచ్చి సెలవిచ్చారు. మళ్లీ వండిన పాయసం క్యాను ఒళ్లో పెట్టుకుని పిన్నితో దర్శి బస్సెక్కాను. క్యానులో ఏముందని కండక్టరు అడిగితే "వాన" అంది పిన్ని. ఆయన ఇద్దరికీ టిక్కెట్లు కొట్టిచ్చి ముందుకెళ్లాడు.

బాబాయి మమ్మల్ని చూసి ముందు విరగబడి నవ్వాడు. "ఒసే పిచ్చిదానా, గుంటూరు నుంచి పాయసం మోసుకొచ్చావా?" అన్నాడు. తర్వాత మడిలో నారు వైపు ఒకసారి చూసి, నవ్వాపేశాడు. పిన్ని చేలో ఉన్న బండ కడిగి పాయసం పోసింది. బాబాయి తలగుడ్డ తీసి గట్టు మీద పెట్టాడు. అంత మనిషి చేతులు వెనక్కి కట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని బండ మీదికి వంగాడు. మీసాలకు బెల్లం పాకం, పాకానికి మట్టి. నేను నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంటుంటే తలెత్తి చూశాడు.

"నవ్వమ్మాయ్, ఆపుకోకు. కింద ఈ వెర్రోళ్లు ఏం చేస్తున్నారో చూద్దామని మబ్బన్నా ఆగుద్దేమో."

నవ్వాను. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లెందుకొచ్చాయో నాకప్పుడు తెలియలేదు. ఆ తర్వాత నేనూ పిన్నీ చెరో పక్కనా వంగాం.

వాన వచ్చింది. కానీ బాబాయి ముదిరిన నారు పీకి గట్టున పారేశాక వచ్చింది. ఆ రోజు బాబాయి చేసిన ఫోనులో వాన హోరు మాకు వినిపిస్తూనే ఉంది. "పాయసం కాస్త ఆలస్యంగా అరిగినట్టుందమ్మాయ్" అన్నాడు. పిన్ని నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అన్నంత పనీ చేసి బాబాయి పేట మిల్లులో చేరాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. నేను మంగళగిరిలో మరో బళ్లో చేరి అవే బాణాలు గీస్తున్నాను. కాకపోతే చివర్లో "రాకపోయినా రాకపోవచ్చు" అని కలుపుతున్నాను, వాన రాకడ ప్రాణం పోకడ అన్నారు కదా. పత్తి సీజనులో బాబాయి దగ్గర్నుంచి తరచూ ఫోను వస్తుంది. వాన కోసం నేల నాకిన మనిషికి ఇప్పుడు వానంటే దడ.

"అమ్మాయ్, నీ ఫోన్లో వానుందా? పత్తంతా బయటే ఉంది."

"సాయంత్రం ఉంది బాబాయ్. పట్టాలు కప్పించండి."

సరే అంటాడు గానీ ఫోను పెట్టడు. గొంతు తగ్గించి అడుగుతాడు.

"దర్శిలో కూడానా?"

ఆ ప్రశ్న వస్తుందని తెలిసి ఆ ఊరు ముందే చూసి పెట్టుకుంటాను. ఉంటే ఉందంటాను. లేకపోయినా, "అక్కడా మబ్బు పట్టింది బాబాయ్" అంటాను. స్టాఫ్ రూములో అన్నన్ని జోస్యాలు చెప్పిన నోరు, ఈ ఒక్కటి చెప్పలేకపోతుందా?