ఉప్పు వెయ్యని టమాటా ముక్కలు

మొన్న ఉయ్యూరు నుంచి మళ్ళీ సీసా వచ్చింది. లోపల ఎండు టమాటా ముక్కలు, పైన మా అన్నయ్య భార్య, అంటే మా వదిన, చేతిరాతతో ‘ఉప్పు వెయ్యలేదు’ అని చీటీ. ఆ చీటీ చూస్తే సిగ్గుతో నాకు ఇప్పటికీ తల పైకి లేవదు.

షుగర్ ఉందని తెలిసిన కొత్తలో నేను పచ్చి ఆహారం పిచ్చిలో పడ్డాను. పొయ్యి వెలిగించిన ప్రతి ఇల్లూ నా కంటికి నేరం జరిగిన చోటులా కనిపించేది. వదిన పెరట్లో టమాటాలు విరగకాశాయని విని, ఫోన్లో ఆవిడకు పాఠం చెప్పాను. ఉడకబెట్టకూడదు, వేయించకూడదు, ఉప్పు తగలకూడదు, ఎండలోనే ఎండాలి. “ఉప్పు లేకపోతే నిలవ ఎలా ఉంటాయండీ మరిదిగారూ?” అంది. “ప్రకృతి చూసుకుంటుంది వదినా” అన్నాను. ప్రకృతి సంగతేమో గానీ, చూసుకున్నది వదినే. మా వైపు గాలిలో తేమ ఎక్కువ. పొద్దున్నే ముక్కలు తరిగి, డాబా మీద పాత మంగళగిరి చీర పరిచి ఆరబోసేది. మిట్టమధ్యాహ్నం వెళ్ళి ఒక్కో ముక్కా తిరగేసేది. సాయంత్రం చెమ్మ తగలకముందే కిందికి దింపేది. ఇలా నాలుగెండలు. నేను మాత్రం మూడో వారానికే మా వీధి చివర బండి మీద పెసరట్టుకు లొంగిపోయాను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు సరికదా, “మీ ముక్కల వల్లే షుగర్ దిగింది” అని కోతలు కోశాను. దాంతో సీసాలు వస్తూనే ఉన్నాయి, మా అటక ఎక్కుతూనే ఉన్నాయి.

మరుసటి ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు వచ్చి వదిన మా ఇంట్లో దిగింది. దుప్పటి కోసం అటక మీద చెయ్యి పెడితే సీసాలు తగిలాయి. అన్నిటిలోనూ బూజు. మా ఆవిడ చల్లగా వంటింట్లోకి జారుకుంది. వదిన ఒక సీసా మూత తీసి వాసన చూసింది. మొహం చిన్నబోయింది.

“పాడైపోయాయని చెబితే నేను నొచ్చుకుంటానని దాచేశారా? ఎండ చాల్లేదండీ మరిదిగారూ, తప్పు నాదే. ఈసారి ఇంకో రెండెండలు పెడతాలెండి.”

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నేనేమన్నానో తెలుసా? “పర్లేదులే వదినా” అన్నాను. ఆవిడనేదో క్షమించినట్టు!

అప్పటి నుంచి ఏటా సీసాలు వస్తూనే ఉన్నాయి. మొన్నటి సీసాలో ముక్కలు గలగలమంటున్నాయి. వదిన మోకాళ్ళ నొప్పులతో కూర్చుని కూర్చుని డాబా మెట్లెక్కుతోందని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. పుల్లగా, గట్టిగా, చాలాసేపు నమలాల్సి వచ్చింది. ముక్కలు ఎండడానికి వదినకు ఆరెండలు చాలాయి. నేనవి తినలేదన్న ఒక్క మాట చెప్పడానికి నాకు ఇన్ని వేసవులు చాలలేదు.