అల్లుడి సమాధికి డాలు బొమ్మ

జూలై 14, ఆదివారం, మధ్యాహ్న భోజనం. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, మా అమ్మాయి, మా వియ్యంకుడు.

అల్లుడు మార్చిలో పోయాడు. ఇలా వరుస రాసేటప్పుడు అమ్మాయి తర్వాత ఇంకా చెయ్యి ఆగుతోంది.

వియ్యంకుడి పూర్వీకులు ఇంగ్లండు నుంచి సిడ్నీకి వచ్చినవాళ్ళు. ఇంగ్లండులో ఒక పల్లె చర్చిలో, కవచం తొడుక్కుని చేతులు జోడించి పడుకున్న మధ్యయుగపు యోధుడి, నైటు అంటారు, రాతిబొమ్మ ఉంది. ఆయనే తమ మూలపురుషుడని మా వియ్యంకుడి నమ్మకం. భార్య పోయాక ఏళ్ళ తరబడి కూర్చుని ఆ నైటు దగ్గర్నుంచి తన కొడుకుదాకా వంశవృక్షం గీశాడు. ఒక్కడే కొడుకు. అతనికి పిల్లలు లేరు. అతని సమాధి రాయిమీద ఆ నైటు వంశచిహ్నమైన డాలు చెక్కించాలని తండ్రి కోరిక. సోమవారం వెళ్ళి రాయి పని చేసే అతనికి ఖాయంగా చెప్పాలి. ఈలోగా ఒకసారి సరిచూడమని కాగితాలు నాకిచ్చాడు.

మా ఇళ్ళలో పెద్దలు ఎప్పుడు పుట్టారో ఎవరికీ తెలియదు. ఎప్పుడు పోయారో మాత్రం తెలుసు, తద్దినం పెట్టాలి కనక. ఆ అలవాటుకొద్దీ నేను ప్రతి తరానికీ చావు వెతికాను. ఆయన పుట్టుకలే చూసుకుంటూ వచ్చాడు. నైటు వంశంలో తొమ్మిదో తరం పిల్లవాడు మూడేళ్ళకే పోయాడు. వియ్యంకుడి పూర్వీకుడు అదే పేరున్న మరొకడు, పక్క ఊరి వడ్రంగి కొడుకు.

"ఏం బావగారూ, పాసయ్యానా?" అన్నాడు వియ్యంకుడు పప్పన్నం కలుపుతూ. బావగారూ అనడం అల్లుడు నేర్పిందే.

చెప్పేశాను.

"వడ్రంగా?" అన్నాడు. చెయ్యి కంచంలోనే ఉండిపోయింది.

"కాస్త పెరుగు వేసుకోండి అన్నయ్యగారూ," అంది నా భార్య.

అమ్మాయి నావైపు తిరిగింది. "ఇదంతా ఇప్పుడు నెసెసరీనా నాన్నా? డాలు ఉంటే ఎవరికి నష్టం?"

"రాయిమీద చెక్కేది కదమ్మా."

"సో వాట్?"

"మీ నాన్నని ఏమీ అనకు. అడిగింది నేను," అన్నాడు వియ్యంకుడు. "చిన్నప్పుడు మావాడు గిన్నె మూత డాలుగా పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. వాళ్ళమ్మకి వంటకి మూత దొరికేది కాదు." నవ్వబోయి ఆగాడు. "కిందికి ఎవరూ లేరని తెలుసు బావగారూ. పైకైనా ఉన్నారనుకున్నాను."



మర్నాడు ఉదయం ఆయనా, అమ్మాయీ, నేనూ రాళ్ళు చెక్కే అతని దగ్గరికి వెళ్ళాం. అతను డాలు నమూనా అప్పటికే గీసి ఉంచాడు. బాగా కుదిరింది. వియ్యంకుడు దాన్ని కాసేపు చూసి, వద్దన్నాడు. కొడుకు పేరు చెప్పి, దాని కింద, ఫలానావాళ్ళ కొడుకు అని తన పేరూ భార్య పేరూ కాగితంమీద రాయించాడు. అంతలో అమ్మాయి వైపు చూశాడు.

"ఆగండి. ఈమె భర్త అని ఈ అమ్మాయి పేరు మా పేర్లకంటే ముందు రావాలి."

అతను ఆ వరుస కొట్టేసి మళ్ళీ రాశాడు.