కుడిచేతికి పని

మా వీధి మలుపులో ఒక కుట్టుమిషన్, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం పట్టేంత గది ఉంది. అందులో కూర్చునే ఆవిడని అందరూ టైలరమ్మ అంటారు. ఆవిడ భర్త పాలవ్యాను నడుపుతాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్ళది. నోటికి విశ్రాంతి లేదు కాబట్టి దాని ముద్దుపేరు వసపిట్ట.

ఒకరోజు వసపిట్ట పళ్ళు తోముకుంటూ బ్రష్ జారవిడిచి, కుడివైపుకి ఒరిగిపోయింది. ఆస్పత్రిలో పక్షవాతమన్నారు.

"పిల్లలకి పక్షవాతమేంటమ్మా, విడ్డూరం!" అని పక్కింటి పిన్నిగారు బుగ్గలు నొక్కుకుంది.

"వస్తుంది పిన్నిగారూ. మాకూ ఇప్పుడే తెలిసింది. మీరూ నలుగురికీ చెప్పండి," అంది టైలరమ్మ.

నలుగురికీ తెలియాల్సిన మాటే. తెలియకే ఎంతోమంది పిల్లల్ని "నాటకాలాడకు" అని కసురుతున్నాం.

వసపిట్టకి మాట ముందు తిరిగొచ్చింది. ఎలాగూ తొందర దానికే కదా. తర్వాత నడక వచ్చింది. కుడిచేయి మాత్రం మొరాయించింది. బడి హెడ్‌మేడమ్ తేల్చి చెప్పేసింది:

"గుండీలు తనే పెట్టుకోవాలి. మా దగ్గర ఆయా లేదు. సెలవులయ్యి బడి తెరిచేలోపు అది చేతకాకపోతే సీటు వేరేవాళ్ళకిస్తాం."

టైలరమ్మ ఇంటికొచ్చి బట్టలన్నిటికీ గుండీలు పీకేసి అంటుకునే పట్టీలు కుట్టేసింది. వసపిట్ట ఎడమచేత్తో టకటకా తొడిగేసుకుంది. "మా ఆవిడా, మజాకా!" అని నాన్న మురిసిపోయాడు.

వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి మాత్రం బిగుసుకుంటున్న కుడి వేళ్ళని విప్పి చూసి నిట్టూర్చింది.

"అమ్మా, మీరు మరీ బాగా కుట్టారు. అక్క అన్నీ చేసిపెడుతుంటే చెల్లి మంచం దిగుతుందా? ఎడమచెయ్యే అన్నీ చేసేస్తోంది, కుడిచేతికి పని లేకుండా పోయింది."

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. అయినా కూర్చుని ఏడవలేదు. పట్టీలన్నీ ఊడదీసి, కోటు గుండీలంత పెద్దవి వేసి, వాటికి తగ్గట్టు వెడల్పు కాజాలు కోసి, కుడిచేత్తోనే పెట్టుకోమంది. వసపిట్ట మొదట గౌను విసిరికొట్టింది. తల్లి చేతులు సాయానికి ఉరికేవి, వాటిని మిషన్ మీద పెట్టి అదిమేసేది.

"ఇంకా ఎంతసేపే?"

"బయల్దేరిందమ్మా. బస్సు లేటు," అనేది వసపిట్ట, తన చేతిని చూసుకుంటూ.

బడి తెరిచే రోజు దగ్గరపడింది. గుండీలు పడుతున్నాయి గానీ నత్తనడకే.

"యూనిఫాంకి మాత్రం పట్టీలు కుట్టెయ్యవే. సీటు నిలబడుతుంది," అన్నాడు నాన్న.

"రోజంతా అదే వేసుకుంటుంది. చెయ్యి మళ్ళీ పడుకుంటే? సీటు కోసం చేతిని వదులుకోమంటారా? రెండూ దానివే. పదండి, అడుగుదాం."

వసపిట్టని తీసుకుని బడికి వెళ్ళారు. హెడ్‌మేడమ్ గడియారం చూసుకుని, "ఏదీ, పెట్టుకో, చూస్తాను," అంది.

టైలరమ్మ వసపిట్టకి అడ్డంగా వచ్చి నిలబడింది. "వద్దు మేడమ్. ఏ పిల్లయినా గుండీలు పెట్టి చూపించి సీటు తెచ్చుకుందా? మీ ఒకటో తరగతి పిల్లలకి ఎవరు పెడతారు?"

"టీచర్లే. చిన్నపిల్లలు కదా."

"మరి మా పిల్ల పెద్దదా? అవసరమైనప్పుడు ఆ చేతులే దీనికీ సాయం చేస్తాయి. బడికి ఆయా కావాలంటే చెప్పండి, పైవాళ్ళకి పెట్టే అర్జీ మీద మొదటి సంతకం నాది. సీటు మాత్రం దీనిది."

నాన్న గొంతు సవరించుకున్నాడు. "రెండో సంతకం నాది."

హెడ్‌మేడమ్ గడియారం మీంచి చూపు తిప్పి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "సరే, సోమవారం పంపండి. అర్జీ కూడా పట్టుకురండి. మూడో సంతకం నేను పెడతాను."

సోమవారం గేటు దగ్గర వసపిట్ట పై గుండీ కాజాలోంచి జారింది. క్లాస్ టీచర్ వంగి చెయ్యి చాచింది.

"ఆగండి టీచర్," అంది వసపిట్ట. "బస్సు వస్తోంది."

టీచర్ అర్థం కాక రోడ్డు వైపు చూసింది. ఆవిడ మళ్ళీ ఇటు తిరిగేసరికి గుండీ కాజాలో ఉంది.