చాప ఎత్తిన చేయి

అమెరికాలో, లాంగ్‌బీచ్‌లో నేను ఒకప్పుడు అద్దెకున్న ఇంటి ఓనర్ ఆంటీ పోయింది. ఆదివారం చర్చికి తయారవుతూ కుర్చీలోనే ఒరిగిపోయిందట. ఆమె తమ్ముడు ఫోన్ చేసి, "నిన్ను కూడా కూతురనే చెప్పుకునేది. అందుకే చెప్తున్నా" అన్నాడు. ఇప్పుడు నేనుండే కాపెల్ ఊళ్ళో, ఆఫీస్ పార్కింగ్‌లో, కార్లోనే కూర్చుండిపోయాను.

ఎమ్మెస్ చదివేటప్పుడు ఆ ఇంటి వెనక గదిలో ఉండేదాన్ని. ఆంటీ వాళ్ళది సమోవా, పసిఫిక్‌లో అమెరికా చేతికింద ఉన్న దీవులు. అక్కడి నేవీ స్థావరం మూసేసినప్పుడు పని పోయి, వాళ్ళ నాన్న కుటుంబంతో ఓడెక్కి వచ్చి లాంగ్‌బీచ్ షిప్‌యార్డులో కుదిరాడు. ఆయన వెనక బంధువులు, వాళ్ళ వెనక చర్చి వచ్చాయి.

"లక్కీ ఆంటీ, మీకు వీసా టెన్షన్ లేదు" అన్నానొకసారి. తన పాత పాస్‌పోర్ట్ తెచ్చి చూపించింది. అమెరికా మనిషే గానీ పౌరురాలు కాదని అందులో ముద్ర ఉంది. "ఇంట్లో ఉండొచ్చు, ఓటెయ్యకూడదు" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఆంటీ చేయి పెద్దది. తొందరగా లేచేది. బస్‌స్టాప్‌లో నా బ్యాగ్ లాగినవాణ్ణి కాలర్ పట్టుకుని కారు డోర్‌కేసి కొట్టింది. వాడి ముక్కు చితికి రక్తం కారుతుంటే తన స్కార్ఫే తీసిచ్చి, "తుడుచుకో, మీ అమ్మ చూస్తే జడుసుకుంటుంది" అంది. ఇంటికొచ్చాక నాతో, "చెయ్యెత్తడం ఎవరూ నేర్పక్కర్లేదు. దించడమే నేర్పాలి. నాకింకా సరిగ్గా రాలేదు" అంది.

ఆ ఏడాదే ఆమె చిన్నకొడుకును చంపేశారు. చర్చివాళ్ళ పెళ్ళి విందు బయట మాటామాటా పెరిగి, సమోవా కుర్రాడే ఒకడు ఇనుప రాడ్‌తో తల పగలగొట్టాడు. పోలీసులు వాణ్ణి పట్టుకుపోయారు. ఆంటీ తమ్ముడు మాత్రం కొబ్బరికాయలు కొట్టే పొడుగు కత్తి ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు.

ఆ కూర్చోవడం నాకు తెలుసు. మాది రాయలసీమ. మా తాతను వేటకొడవళ్ళతో నరికిన రోజు మా నాన్న చేతిలోంచి పలక లాగేసి, పగ తీర్చే వంతు నీదన్నారు. ఆయన తీర్చాడు, జైలుకెళ్ళాడు. మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదలు.

మర్నాడు తెల్లవారేసరికి ఇంటి ముందు సిమెంటు నేల మీద ఒక కుటుంబమంతా మోకరిల్లి ఉంది. ముందున్న మనిషి తల మీంచి ఒంటినిండా, సన్నగా అల్లిన పెద్ద చాప. అతను హంతకుడి తండ్రి. నేను పోలీసుల కోసం 911 నొక్కబోయాను.

"ఫోన్ పెట్టెయ్" అంది ఆంటీ, కిటికీ దగ్గర నిలబడి. "ఇది మా పద్ధతి. చచ్చినవాడి ఇంటివాళ్ళు చాప ఎత్తితే గొడవ అక్కడితో సరి. ఎత్తకపోతే దాని కిందున్నవాణ్ణి ఏం చేసినా అతనివాళ్ళు నోరెత్తరు."

"ఎత్తుతారా ఆంటీ?"



ఎండ ఎక్కింది. చాప కింది మనిషి కదల్లేదు. ఇక ఓపిక పట్టలేక తమ్ముడు కత్తి పట్టుకుని మెట్లు దిగాడు. అప్పుడు ఆంటీ చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చి అతని చెంప పగలగొట్టింది. "చచ్చింది నీ కొడుకా, నా కొడుకా?" అంటూ కత్తి లాక్కుని గడ్డిలోకి విసిరింది. ఆ పెనుగులాటలో ఆమె అరచేయి తెగింది. ఆ చేత్తోనే చాప మీద పడింది. కొడుకు పేరు పిలుస్తూ ఆ మనిషి వీపు మీద, మెడ మీద పిడికిళ్ళతో కొట్టింది. దెబ్బదెబ్బకీ కింద మూలుగు. అయినా అతను చేయి అడ్డం పెట్టలేదు.

చేతులు ఆడక ఆగింది. వంగి చాప ఎత్తింది.

"లే. నీ కొడుకు జైల్లో ఉంటాడు. నా కొడుకు మట్టిలో ఉంటాడు. ఇంకెవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు."

సాయంత్రం ఆమె చేతికి కట్టు కడుతూ, "క్షమించేశారా ఆంటీ?" అని అడిగాను.

"చాప ఎత్తానంతే. క్షమించడం రోజూ పొద్దున లేచి చేసుకోవాల్సిన పని. కొన్ని పొద్దులు కుదరదు."

నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. అంతా విని, "అట్లాంటి చాప మన ఊర్లో ఎవురూ అల్లలేదు పాపా" అన్నాడు.

ఆ కుటుంబం చాపను ఆంటీకే వదిలి వెళ్ళింది. ఆమె దాన్ని కడగలేదు. నిన్న తమ్ముడు వీడియో పంపాడు. ఆమె శవపేటిక మీద అదే చాప కప్పుతున్నారు. ఒక కొస తమ్ముడు పట్టుకున్నాడు. రెండో కొస, ఆ రోజు దాని కింద మోకరిల్లిన మనిషి పట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా చాప మీద గోధుమరంగు మరక, ఆమె అరచేయంత.